ఉచ్చ లేనిదే ఉప్పు లేదు

శ్రీకాకుళం,
ఆదివారం మధ్యాహ్నం

ఒసే చిట్టీ,

కోపంగా ఉన్నావని తెలుసు. సిరిమానుకి విజయనగరం వస్తానని మాటిచ్చి రాలేదు, నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, ఫోన్ చేస్తే ఎత్తలేదు. తప్పే. తమ్ముడికి పాలకొండ సంబంధం కుదిరింది, అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నాకు మళ్ళీ నైట్లే. ఇవన్నీ తరవాత. నీకొక్కదానికే చెప్పాల్సింది ఒకటుంది. మంగళవారం రాత్రి నుంచి అదే మనసులో తిరుగుతోంది.

మన ఫార్మకాలజీ మేడమ్ గుర్తుందా? పొటాషియం పాఠం రోజు, మూత్రం రానివాడికి పొటాషియం ఉప్పు ఎక్కించొద్దని బల్ల మీద కొట్టి "ఉచ్చ లేనిదే ఉప్పు లేదు! రాసుకోండి!" అనలేదూ? ఆ తరవాత మెస్సులో ఎవరు పప్పులోకి ఉప్పడిగినా "ముందు బాత్రూముకెళ్ళి రావే" అనేదానివి నువ్వు. ఆ మాటే, చిట్టీ. ఆ మాటే ఆ రాత్రి ఒక మనిషిని నిలబెట్టింది.

మా వార్డులో ఇద్దరు సింహాచలాలు. మన వైపు ఆడకీ మగకీ ఆ పేరు మామూలే కదా. ఆరో బెడ్లో ఆవిడ, వాంతులు, విరేచనాలు. తొమ్మిదో బెడ్లో ఆయన, కవిటి అవతల ఊరు, కొబ్బరి తోటల్లో పని. ఉద్దానం కిడ్నీ జబ్బు. (ఇన్నేళ్ళయినా అది ఎందుకొస్తోందో ఎవరూ గట్టిగా తేల్చలేదు. ఆ ఊళ్ళ వాళ్ళొచ్చినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.) కాళ్ళు పట్టు తప్పి నిలబడలేకపోతున్నాడని తెచ్చారు. సాయంత్రం ఇద్దరికీ రక్తం తీసి పంపాం.

రాత్రి రెండు దాటాక ఒక రిపోర్టు వచ్చింది. సింహాచలం, పొటాషియం 2.8, బాగా తక్కువ. డ్యూటీ డాక్టరుగారు ముందురోజు పొద్దున్నుంచి నిద్ర లేకుండా ఉన్నారు. తొమ్మిదో బెడ్ కేస్ షీట్లో పొటాషియం క్లోరైడ్ ఒక ఆంప్యూల్, అర లీటరు సెలైన్లో కలిపి పెట్టమని రాసి, క్యాజువాలిటీకి పరిగెత్తారు. కొత్తగా చేరిన పిల్ల ఆంప్యూల్ మెడ విరిచేసింది కూడా. పది మిల్లీలీటర్లు, 20 మిల్లీ ఈక్వివలెంట్లు. చూడ్డానికి నీళ్ళే.

నేను తొమ్మిదో బెడ్ యూరిన్ బ్యాగులో ఎంతుందో రాయడానికి వంగాను. గొట్టంలో ఒక చుక్క మెరుస్తోంది, బ్యాగు అడుగు కూడా తడవలేదు. సాయంత్రం నుంచి ముప్ఫై మిల్లీలీటర్లు లేదు. మేడమ్ గొంతు చెవిలో వినబడింది, ఒట్టు. "ఆగవే" అని ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను.

పల్స్ చూస్తే 44. మానిటర్లో గుండె గీతలో టీ వేవులు మొనదేలి గోపురాల్లా లేచి ఉన్నాయి. అది పొటాషియం పెరిగినప్పటి గుర్తు, తగ్గినవాడికి అలా ఎందుకుంటాయి? ఆయన భార్యని లేపి "ఏం పెట్టావమ్మా?" అనడిగాను. "ఏటి పెడతాను సిస్టరమ్మా, అన్నం ముట్టట్లేదు. నీరసమైపోతన్నాడని రోజూ రెండు బొండాలు తాగించినాను" అంది. కొబ్బరి బొండాలు! మూత్రం రానివాడికి అవి పొటాషియం సీసాలే. కవరులోంచి మందులు పరిచింది. బీపీకి టెల్మిసార్టన్, వాపుకి స్పైరోనోలాక్టోన్, నడుం నొప్పికని మందుల షాపులో కొన్న డైక్లోఫెనాక్. మూడూ పొటాషియం పెంచేవే. ఆ నొప్పి బిళ్ళ ఉన్న కిడ్నీని కూడా తినేస్తుంది. ఆవిడ ఎంత ప్రేమగా పెట్టిందో అంతా ఎదురు తిరిగింది. ఆ మొహం చూసి ఏమీ అనలేకపోయాను.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే విసుక్కున్నారు. "రిపోర్టులో ఉంది కదా సిస్టర్." నాకు గొంతు వణికింది గానీ చెప్పేశాను. "సార్, యూరిన్ లేదు, పల్స్ 44, టీ వేవులు లేచాయి, నేను పొటాషియం పెట్టలేదు, ఒక్కసారి రండి." మాట్లాడుతూనే రిపోర్టు మీద ఐపీ నంబరు, అదే ఆస్పత్రిలో చేర్చుకున్నప్పుడు ఒక్కో రోగికి ఇచ్చే నంబరు, చూశాను. అది ఆరో బెడ్‌ది!

వచ్చి మానిటర్ చూసి ఒక్క క్షణం మాటరాక నిలబడిపోయారు. ఆయన రక్తం మళ్ళీ తీసి పంపితే పొటాషియం 7.2, బాగా ఎక్కువ. కాల్షియం గ్లూకోనేట్ పది మిల్లీలీటర్లు మెల్లగా ఎక్కించాం. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెని కాపు కాస్తుంది, అంతే. తరవాత పొటాషియం దించడానికి 25 శాతం డెక్స్‌ట్రోజ్ వంద మిల్లీలీటర్లతో ఇన్సులిన్ 10 యూనిట్లు. అక్కడా చూడు! వయల్ మిల్లీలీటరుకి 40 యూనిట్లది, ట్రేలో ఉన్నది నారింజ మూత సిరంజి, మిల్లీలీటరుకి 100 యూనిట్ల మందు కోసం గీతలు గీసింది. అందులో పది గీత దాకా లాగితే వెళ్ళేవి నాలుగు యూనిట్లే. 40కి సరిపడే ఎర్ర మూతది వెతికి తెచ్చి, ఆ పిల్ల చేత పైకి చదివించి మరీ ఇచ్చాను. సాల్బుటమాల్ నెబులైజేషన్, గంటగంటకీ షుగరు, తెల్లారి డయాలసిస్. ఎనిమిదింటికి ఆయన కాలి బొటనవేలు ఆడించాడే! నేను హ్యాండోవర్ మధ్యలో ఏడ్చేశాను.

ఆరో బెడ్ ఆవిడకి మాత్రం ఆ పొటాషియం నిజంగా కావాలి. ఆవిడ బ్యాగులో మూత్రం ఉందని చూసుకుని, కలిపిన సీసాని అటూ ఇటూ బాగా తిప్పి (లేకపోతే అడుగునే ఉండిపోతుంది కదా), రెండు గంటల్లో వెళ్ళేలా పెట్టాను.

డాక్టరుగారు వెళ్ళేటప్పుడు "థాంక్స్ సిస్టర్" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ వంగడం ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే... వద్దు, అది రాయలేను. ఆ పిల్ల రెండ్రోజులు అన్నం తినలేదు. తన తప్పేముంది, ఆర్డరు ఉంది కదా. "రిపోర్టు పట్టుకుంటే పేరొక్కటే కాదు, ఐపీ నంబరు కూడా చదువు" అని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. తనకీ ఉప్పు మాట నేర్పాను. నవ్వింది, ఆఖరికి.

ఇప్పుడు పొటాషియం ఆంప్యూళ్ళు డిస్టిల్డ్ వాటర్ పక్కన ఉంచనివ్వను, ఎర్ర డబ్బాలో వేరే పెట్టి తాళం వేయించాను. మీ వార్డులో ఎక్కడ పెడతారు? వెంటనే రాయి. ఒకే పేరున్న వాళ్ళుంటే మీరేం చేస్తారో కూడా, మేమైతే మంచానికి ఎర్ర గుడ్డ

ఆటో వచ్చేసింది, డ్యూటీకి టైమైపోయింది. మిగతాది మళ్ళీ.

నీ
పిప్పరమెంటు