ఇ-రీడరు కొనే ముందు

తల్లిదండ్రులకు, ఇంట్లోని అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతయ్యలకు నమస్కారం.

సెలవుల తర్వాత జరిగిన సమావేశంలో మీలో చాలామంది నన్ను ఒకే మాట అడిగారు: "మేడం, పిల్లలకు ఇ-రీడరు కొనమంటారా? ఏ కంపెనీది మంచిది?" ఇ-రీడరు అంటే డిజిటల్ పుస్తకాలు చదవడానికే ప్రత్యేకంగా చేసిన పరికరం. అందరికీ కలిపి ఇక్కడే జవాబు చెబుతున్నాను. ప్రస్తుతానికి ఏదీ కొనవద్దు. ఇంట్లో ఉన్న ఫోనుతోనే మొదలుపెట్టండి. పిల్లలకు, మీకు కలిసి చదివే అలవాటు కుదిరాక మన గ్రంథాలయం నుంచి ఇ-రీడరు తీసుకెళ్ళి కొన్నాళ్ళు వాడి చూడండి. అప్పటికీ సొంతంగా ఒకటి కావాలనిపిస్తే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. చదివే అలవాటు లేని ఇంట్లో ఎంత ఖరీదైన పరికరమైనా నెల తిరిగేసరికి అలమరలోకి చేరుతుంది. అంత డబ్బు అలా పోవడం నాకు ఇష్టం లేదు.

అసలు డిజిటల్ పుస్తకాల గురించి ఇంత పట్టుదల ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మనం ఉన్న ఊరే దానికి కారణం. ఒకప్పుడు తెలుగు పుస్తకానికి పుట్టిల్లు మద్రాసు. వావిళ్ల వారి ముద్రణాలయం ఇక్కడిదే. ఆంధ్రపత్రిక 1914లో బొంబాయి నుంచి ఇక్కడికే వచ్చింది. 1947 జూలైలో చందమామ మొదటి సంచిక వెలువడిందీ ఇక్కడి నుంచే. ఈ రోజు పెరంబూరులోనో కొరుక్కుపేటలోనో ఉన్న మన పిల్లవాడికి వయసుకు తగిన తెలుగు కథల పుస్తకం కొనాలంటే ఊరంతా తిరగాలి. తిరిగినా దొరుకుతుందన్న నమ్మకం లేదు. విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో బంధువులు వచ్చేటప్పుడు తెచ్చిపెట్టాలి. 2006 నాటి చట్టం తర్వాత బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం బాగా నేర్చుకోవడం మన పిల్లలకు ఎంతో మేలు, అందులో నాకు సందేహం లేదు. అయితే తెలుగు అక్షరాలు కంటపడే సమయం రోజులో బాగా తగ్గిపోయింది. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడే ఏడో తరగతి పిల్లలు వార్తాపత్రికలో ఒక్క పేరా చదవడానికి తడబడుతుంటే చూడలేకపోతున్నాను. ఆ లోటు తీర్చడానికి ఇప్పుడు మన చేతికి అందేది డిజిటల్ పుస్తకమే.

ఫోనులో చదవడమంటే చిన్నచూపు అవసరం లేదు. యునెస్కో 2014లో భారతదేశం, ఘనా, నైజీరియా, పాకిస్తాన్‌తో పాటు మొత్తం ఏడు దేశాల్లో ఫోనుపై చదివేవారిని పరిశీలించింది. వారిలో మూడో వంతు మంది ఫోను చూసి పిల్లలకు కథలు చదివి వినిపిస్తున్నామని చెప్పారు. పుస్తకాల దుకాణం, గ్రంథాలయం దగ్గరలో లేని ఇళ్ళలో చిన్న తెర ఎంత పని చేస్తోందో దీన్నిబట్టి అర్థమవుతుంది. మన ఇళ్ళూ అలాంటివే.

చిన్న తరగతుల వారికి నేను మొదట చెప్పేది స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు. బెంగళూరుకు చెందిన ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో దీన్ని ప్రారంభించింది. తెలుగులో బొమ్మల కథలు చాలా ఉన్నాయి, అన్నీ ఉచితం. పుటకు ఒకటి రెండు వాక్యాల కథల నుంచి సొంతంగా చదవగలిగే పిల్లల కథల వరకు నాలుగు స్థాయులుగా విడదీసి పెట్టారు. తరగతిని చూసి స్థాయిని ఎంచుకోకండి. తెలుగు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్న ఆరో తరగతి పిల్లవాడు మొదటి స్థాయి కథతో మొదలుపెట్టినా నామోషీ ఏమీ లేదు. చాలా కథలు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ దొరుకుతాయి కాబట్టి రెండు భాషల్లో పక్కపక్కన చదివించవచ్చు. మా మూడో తరగతి టీచరు ఇలాగే చేయిస్తున్నారు. తమిళంలో గడగడా చదివేసిన కథను పిల్లలు తెలుగులో ఊహించుకుంటూ చదివేస్తారు, తెలియని మాట దగ్గర ఆగిపోరు.

పెద్ద పిల్లలకు, మీకు తెలుగు వికీసోర్స్ అనే వెబ్‌సైటు ఉంది. కాపీహక్కుల గడువు తీరిన పాత పుస్తకాలను స్వచ్ఛంద కార్యకర్తలు ఒక్కో పుటా టైపు చేసి, అచ్చుతప్పులు సరిదిద్ది అక్కడ ఉంచారు. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 సంవత్సరాల వరకు కాపీహక్కు ఉంటుంది. 1915లో కన్నుమూసిన గురజాడ అప్పారావు గారి రచనలు ఎవరైనా స్వేచ్ఛగా దించుకుని చదువుకోవచ్చు. దించుకునేటప్పుడు ఈపబ్ అనే రకాన్ని ఎంచుకోండి. ఈపబ్‌లో అక్షరాలు పెద్దవి చేస్తే వాక్యాలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి. పీడీఎఫ్ అలా కాదు, అచ్చు పుటకు ఫోటో తీసినట్టు ఉంటుంది. పెద్దది చేస్తే పంక్తి చివర తెర బయటికి పోతుంది, ప్రతి పంక్తికీ వేలితో అటూ ఇటూ జరపాలి. పిల్లలు రెండో పుటలోనే విసిగిపోతారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలాది పాత తెలుగు పుస్తకాలున్నా అవి చాలావరకు ఇలా స్కాన్ చేసినవే. పరిశోధన చేసేవారికి అది నిధి. చదవడం కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు మాత్రం అది సరైన చోటు కాదు.

డేటా గురించి బెంగ వద్దు. బొమ్మలు లేని నవల మొత్తం సాధారణంగా ఒక ఎంబీ లోపే ఉంటుంది, కాసేపు చూసే వీడియోకు ఇంతకన్నా ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. ఒకసారి దించుకున్నాక నెట్ అవసరం ఉండదు. అందుకే నా గట్టి విన్నపం: పుస్తకం తెరిచాక ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో ఒక్క వాట్సాప్ మోత వినిపిస్తే చాలు, కథ అక్కడే ఆగిపోతుంది. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఫోను చేతికివ్వవద్దు. మీరు పట్టుకుని చదవండి, వాళ్ళు పక్కన కూర్చుని చూస్తారు.

వాట్సాప్ పేరు వచ్చింది కాబట్టి మనసులో ఉన్న మాట చెప్పేస్తాను. మన తరగతి గ్రూపుల్లో ఇప్పుడు రాస్తున్న రచయితల పుస్తకాల పీడీఎఫ్‌లు తిరుగుతున్నాయి. పంపేవారు మంచి ఉద్దేశంతోనే పంపుతున్నారని నాకు తెలుసు. తెలుగులో వెయ్యి కాపీలు అమ్ముడవడమే గగనమైన కాలమిది. అలాంటప్పుడు ఒక పుస్తకాన్ని వందల మందికి ఊరికే పంచితే, ఆ రచయిత పిల్లల కోసం ఇంకో పుస్తకం రాస్తారని, దాన్ని అచ్చు వేయడానికి ఎవరైనా ముందుకొస్తారని ఎలా ఆశిస్తాం? దయచేసి ఆపేయండి. ఉచితంగా చదవడానికి న్యాయమైన దారులు కావలసినన్ని ఉన్నాయి.

ఇప్పుడు ఇ-రీడరు సంగతి. దాని తెర మన ఫోను తెర లాంటిది కాదు. అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయంలో పురుడు పోసుకున్న ఈ విద్యతో 1997లో ఇ-ఇంక్ అనే సంస్థ ఏర్పడింది. తెరలో కంటికి కనిపించనంత చిన్న గుళికలు లక్షలుగా ఉంటాయి. ఒక్కో గుళికలో నల్లని రేణువులు, తెల్లని రేణువులు ఉంటాయి, వాటికి వేర్వేరు విద్యుదావేశం. కరెంటు తగిలిన తీరునుబట్టి నల్లవో తెల్లవో పైకి తేలి అక్షరాలుగా కనిపిస్తాయి. పుట మార్చినప్పుడే కరెంటు ఖర్చవుతుంది, ఆ తర్వాత రేణువులు ఎక్కడివక్కడే నిలిచిపోతాయి. అందుకే ఒకసారి ఛార్జి చేస్తే రోజుల తరబడి వస్తుంది. తుపాను రోజుల్లో కరెంటు పోయి ఫోను ఛార్జింగ్ కోసం మనం అల్లాడేటప్పుడు ఈ లక్షణం విలువ తెలుస్తుంది. ఎండలో కూడా కాగితంలాగే చక్కగా కనిపిస్తుంది.

మన గ్రంథాలయంలో మొదటి రోజు ఐదో తరగతి అమ్మాయి ఒకతె పుట తిప్పింది. తెర ఒక్క క్షణం మొత్తం నల్లబడి, వెంటనే తెల్లబడి, కొత్త పుట వచ్చింది. పాపం ఆ పిల్ల పరికరాన్ని బల్ల మీద పెట్టేసి "నేనేమీ చేయలేదు టీచర్" అంది. పాత పుట జాడ మిగలకుండా రేణువులను అటూ ఇటూ కదిపి శుభ్రం చేయడమే ఆ మెరుపు. మీ ఇంట్లో పిల్లలు కంగారుపడితే ఇదే చెప్పండి.

కొనేటప్పుడు చాలామంది జ్ఞాపకశక్తి ఎన్ని జీబీలో, తెర ఎన్ని అంగుళాలో చూస్తారు. మనం ముందు చూడవలసింది అది తెలుగును ఎలా చూపిస్తుందన్నది. 2016లో అమెజాన్ సంస్థ కిండిల్ అనే తన ఇ-రీడరుపై హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలను ప్రవేశపెట్టింది. ఆ ఐదింటిలో తెలుగు లేదు. తమిళులైన మీ పొరుగువారికి బాగా పనికొచ్చిన పరికరం మీకూ అంతే పనికొస్తుందని అనుకోవద్దు. పరికరంలో ఒక తెలుగు ఈపబ్ తెరిపించి "రాష్ట్రం", "స్వాతంత్ర్యం", "లక్ష్మి" లాంటి మాటలు వెతకండి. ష కింద ట వత్తు, ర వత్తు రెండూ కుదురుగా కూర్చోవాలి. పొల్లులతో అక్షరాలు విడివిడిగా పడినా, వత్తుల చోట ఖాళీ గడులు కనిపించినా అది మనకు కాదు. కొన్ని పరికరాల్లో మనకు నచ్చిన ఫాంటును, అంటే అక్షరాల రూపాన్ని, మనమే ఎక్కించుకోవచ్చు. మండలి, రామభద్ర, గిడుగు వంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పిల్లల చదువుకు నాకు మండలి నచ్చింది, అక్షరం గుండ్రంగా, విడిగా ఉంటుంది.

డబ్బు పెట్టి కొన్న ఇ-పుస్తకం అచ్చు పుస్తకంలా పూర్తిగా మన సొత్తు కాదన్నది కూడా గుర్తుంచుకోండి. చాలాచోట్ల మనం కొనేది చదువుకునే అనుమతి మాత్రమే. 2009లో హక్కుల తగాదా వల్ల అమెజాన్ కొన్ని పుస్తకాలను పాఠకుల కిండిళ్ళ నుంచి దూరం నుంచే తొలగించింది. డబ్బు తిరిగి ఇచ్చి, ఆ తర్వాత క్షమాపణ కూడా చెప్పుకుంది. తరతరాలు ఇంట్లో ఉండాలనుకునే పుస్తకాన్ని కాగితం మీదే కొనండి. ఖాతా మీ పేరుతోనే తెరవండి. కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగేలా పెట్టి, దాన్ని పిల్లలకు చెప్పకండి.

పాఠ్యపుస్తకాల విషయంలో మన బడి పద్ధతి మారదు. పాఠాలు కాగితం మీదే. 2000 నుంచి 2017 వరకు జరిగిన 54 అధ్యయనాలను పరిశోధకులు ఒకచోట చేర్చి 2018లో ప్రచురించారు. వాటిలో 1,70,000 మందికి పైగా పాల్గొన్నారు. సమాచారం ఉన్న పాఠాలను తెరపై కన్నా కాగితంపై చదివినవారే బాగా అర్థం చేసుకున్నారు. సమయానికి పరిమితి ఉన్నప్పుడు ఆ తేడా ఇంకా పెరిగింది. కథల విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందుకే సైన్సు, సాంఘికశాస్త్రం పుస్తకంలో, కథలు తెరపై అన్న ఏర్పాటు మనకు సరిపోతుంది. అచ్చు పుస్తకాల రుచి కూడా పోకూడదు. ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరాలి. తెలుగు పుస్తకాలూ అక్కడ ఉంటాయి. ఒక ఆదివారం పిల్లలను తీసుకెళ్ళి చూపించండి.

పరికరం పగులుతుందన్న భయం మీలో చాలామందికి ఉంది. అది సహజం. వరల్డ్‌రీడర్ అనే సంస్థ 2010 నుంచి ఘనా బడుల్లో పిల్లలకు ఇ-రీడర్లు ఇచ్చినప్పుడు వారికి ఎదురైన పెద్ద చిక్కు తెరలు పగలడమే. మన గ్రంథాలయం ఇచ్చే ప్రతి పరికరానికీ గట్టి తొడుగు, గుడ్డ సంచి ఉంటాయి. బడి సంచిలో లెక్కల పుస్తకాల మధ్య కుక్కకుండా విడిగా తేవాలి, దాని మీద ఏ బరువూ పడకూడదు. ఇంత జాగ్రత్త పడ్డాక కూడా పగిలితే మేము డబ్బు అడగం. జరిమానా భయంతో పిల్లలు దాన్ని ముట్టుకోకపోవడం కన్నా ఒకటి పగలడమే నాకు నయం.

చూపు మందగించిన పిల్లల తల్లిదండ్రులు దయచేసి నన్ను విడిగా కలవండి. చూపు లేనివారికి పుస్తకాలు అందుబాటులోకి తెచ్చే మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మన దేశమే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో వారు చదవగలిగే, వినగలిగే రూపంలో పుస్తకాలు దొరుకుతాయి. నమోదుకు కావలసిన కాగితాల పని మేము చూసుకుంటాం. చదవలేకపోతున్నారని మందలింపులు తిన్న పిల్లల్లో కొందరికి నిజంగా కావలసింది పెద్ద అక్షరాలు, పంక్తుల మధ్య కాస్త ఎడం. ఇది ఇంట్లోని పెద్దలకూ వర్తిస్తుంది. కళ్ళజోడు పెట్టుకున్నా అచ్చు కనపడక చదవడం మానేసిన నాయనమ్మకు అక్షరాలను రెండింతలు చేసి ఇచ్చి చూడండి. రాత్రి కథ చదివి వినిపించే మనిషి ఇంట్లోనే దొరుకుతారు.

రాత్రి చదువు గురించి ఒక్క నియమం: పడుకునే చోటికి ఫోను వద్దు. హాలులో కూర్చుని చదివి, ఛార్జింగ్‌లో పెట్టి, తర్వాత నిద్రకు వెళ్ళాలి. ప్రతి ఇరవై నిమిషాలకు ఒకసారి కిటికీలోంచి దూరంగా చూడమనండి.

వచ్చే శనివారం ఉదయం పది గంటలకు గ్రంథాలయంలో కలుద్దాం. మీ ఫోను, దాని ఛార్జరు తెచ్చుకోండి. ఫోనులో కాస్త ఖాళీ చోటు ఉంచుకోండి. స్టోరీవీవర్ కథలు, వికీసోర్స్ పుస్తకాలు అక్కడి వైఫైతోనే దించిపెడతాం, అక్షరాలు పెద్దవి చేయడం, ఫ్లైట్ మోడ్ పెట్టడం చేతిలో పెట్టి చూపిస్తాం. తాతయ్యలు, నాయనమ్మలు తప్పకుండా రండి, మీ కోసం ముందు వరుసలో కుర్చీలు వేయిస్తున్నాను. ఇ-రీడరు ఇంటికి తీసుకెళ్ళాలనుకునేవారు గ్రంథాలయం రిజిస్టరులో పేరు, తరగతి రాయించండి. శుక్రవారం సాయంత్రం ఇస్తాం, తర్వాతి గురువారం తిరిగి ఇవ్వాలి. తెలుగు చదవడం ఇంకా కూడబలుక్కుంటున్న పిల్లలకే మొదటి విడత ఇస్తాం. బాగా చదివే పిల్లల తల్లిదండ్రులు కొన్ని వారాలు ఓపిక పట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు