నువ్వు చెప్పింది నిజమే రా, మస్తానూ

కడప,
శనివారం, రాత్రి పదకొండు దాటింది

ఒరేయ్ మస్తానూ,

తిట్టుకోవాల్సిందంతా ముందు తిట్టుకో, తర్వాత చదువు. రంజాన్‌కు నువ్వు పంపిన ఖర్జూరం డబ్బా ఎప్పుడో ఖాళీ అయింది, నేనేమో ఇప్పుడు కాగితం పట్టుకున్నా. ఫోన్ చేయొచ్చు గదా అంటావు. ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. చెప్తే నువ్వు "సరేలే సీనా, ఎప్పటి మాట" అని నవ్వేసి రజియా చేతికి ఫోన్ ఇచ్చేస్తావు. ఈసారి నువ్వు తప్పించుకోకుండా కూర్చోని చదవాల. మా పక్కింటి పిల్లోడు తెల్లారుజామున నాలుగింటికి మద్రాసుకు కారెక్కి కువైట్ వస్తాండాడు. మామిడికాయ ఊరగాయ, ఇరవై ఓళిగలు, ఈ ఉత్తరం, మూడూ అతని సంచీలోనే.

ఇంటి విషయాలు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాలు పర్వాలేదు, గోడ పట్టుకోకుండా నడుస్తాంది. చిట్టి పదో తరగతికి వచ్చింది. మిద్దెకు సున్నం కొట్టించినాం, లోపల కొంచెం నయం. ఎండల గురించి నీకు రాసే పని లేదు, మీ కాడ దాని కంటే ఎక్కువే గదా. అంతే.

ఇంగ అసలు సంగతి. మస్తానూ, నేను చూసినా రా. నీళ్లు నా చేతిలో, నా కళ్ల ముందర ఐసయినాయి.

పోయిన వారం గాదు, అంతకు ముందు మంగళవారం. చిట్టి అంగట్లో అరలీటరు నీళ్ల సీసా కొనుక్కొచ్చి, మూత కూడా తీయకుండా ఫ్రీజర్‌లో పడేసి మరిచిపోయింది. మాపటేల నేను డ్యూటీ నుంచి వచ్చి, గొంతెండిపోయి, దాన్ని తీసినా. రెండు గంటలకు పైగా ఫ్రీజర్‌లో ఉన్నింది, అయినా నీళ్లు నీళ్లే. అద్దం మాదిరి తేటగా ఉన్నాయి, ఒక్క ఐసు పలుకు లేదు. మన ఫ్రీజర్ చెడిపోయిందేమో అనుకుంటా సీసాను వంటగట్టు మీద టక్కున పెట్టినా.

మూత కింద ఒక తెల్లచుక్క పుట్టింది. నేను చూస్తాండగానే దాని నుంచి సన్నసన్నగా సూదులు, ఆ సూదులకు మళ్లీ ఈకలు, కిందికి దిగుతా పోయినాయి. ఉరుకు లేదు, పరుగు లేదు, ఎవరో పైనుంచి తెల్లటి పరదా దించినట్లు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టేలోపల అడుగు దాకా వచ్చేసింది. తేటగా ఉన్న సీసా పాలసీసా అయింది. నేను దాహం సంగతే మరిచిపోయినా. మీ చెల్లెలు వచ్చి "ఏమైంది, అట్లా నిలబడిపోయినారు?" అంటే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట నీ పేరు.

నీకు గుర్తుందో లేదో అని రాయను. నీకు గుర్తుంటుంది.

పదో తరగతి పరీక్షలు అయిపోయిన ఎండాకాలం. ఏడు రోడ్ల కాడ మీ మామ కూల్‌డ్రింకు అంగడి. నువ్వు మధ్యాహ్నం ఒంటరిగా కూర్చోని, ఆ పొడుగాటి పెట్టెలో అడుగున ఉన్న సీసా తీసి మూత లాగినావు. లాగీ లాగంగానే డ్రింకు మొత్తం ఐసయిందని సాయంత్రం మైదానంలో మా అందరికీ చెప్పినావు. మేం నవ్వినాం. నువ్వు ఊరుకోకుండా "నిజంరా, స్ట్రా పెడితే మెత్తగా దిగింది కూడా" అన్నావు. అక్కడ పట్టుకున్నా నేను. "ఐసయితే స్ట్రా ఎట్లా దిగుతుంది రా? దిగితే అది ఐసెట్లా అవుతుంది?" అని. అందరూ చప్పట్లు కొట్టినారు. నువ్వు పెద్ద దర్గా మీద ఒట్టు పెట్టినావు. "ఒట్టు పెట్టి మరీ అబద్ధమాడతావా" అన్నది ఎవరో కాదు, నేనే. నువ్వు తిరిగి ఒక్క మాట అనలేదు. సైకిలెక్కి పోయినావు. ఆ సెలవులంతా మా వీధికి రాలేదు. 'ఐసుగాడు' పేరు మాత్రం నిలబడిపోయింది. మన వాళ్లు నీ పెండ్లిలో కూడా ఆ పేరుతోనే పిలిచినారు, నువ్వు నవ్వినావు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నాకు అదోలా ఉంది రా.

సరే, ఉండు. సంగతి పూర్తిగా చెప్పాల.

ఆ రోజు నుంచి నేనూ చిట్టీ వదల్లేదు. ఇరవై మూడు సీసాలు పెట్టినాం. మొదట బోరు నీళ్లు పెడితే ప్రతిసారీ లోపలే గడ్డకట్టినాయి, ఒక సీసా అడుగు ఉబ్బి పగిలింది. మూత తీయని అంగడి నీళ్లతో తొమ్మిదిసార్లు వచ్చింది. తేడా ఏమిటంటే, నీళ్లు 0 డిగ్రీలకు చేరినంత మాత్రాన ఐసు కావు. మనం బడిలో నేర్చుకున్న 0 అనేది ఐసు కరిగే లెక్క. నీళ్లు ఐసు కావాలంటే వాటికి తోడు కావాల. పాలు ఎంత మంచివైనా తోడు వేయందే పెరుగు కావు గదా, అట్లా. ఒక దుమ్ము రేణువో, సీసా గోడ మీద ఒక గీతో, ఒక ఐసు పలుకో ఉంటే దాన్ని పట్టుకొని మిగతా నీళ్లు వరుసలో నిలబడతాయి. ఏమీ లేకపోతే నీళ్లలో అక్కడక్కడా చిన్న చిన్న ముద్దలు వాటంతట అవే కడతాయి గానీ, మరీ చిన్నవి గాబట్టి నిలవలేక మళ్లీ కరిగిపోతాయి. అట్లా 0 దాటి కిందికి, ఇంకా కిందికి పోతా నీళ్లుగానే ఉంటాయి. మంచి శుభ్రమైన సన్నటి నీటి బిందువులయితే దగ్గర దగ్గర మైనస్ 38 దాకా గడ్డకట్టకుండా ఉండగలవు. మన బోరు నీళ్లలో ఉన్నంత మడ్డికి తోడు వేయాల్సిన పనే లేదు! నీ డ్రింకులో మూత లాగంగానే బుడగలు లేసినాయి గదా, తోడు అదే.

ఆ రోజు మైదానంలో నీకు తోడు ఒక్కడు కూడా లేడు. ఆ మాట తర్వాత రాస్తా.

స్ట్రా సంగతి చెప్తా, దాని కోసమే ఈ ఉత్తరం. చిట్టి అడిగింది, "నాయనా, ఇది ఐసయితే సీసా పిసికితే ఎందుకు నలుగుతాంది?" అని. నువ్వు చెప్పిందే! నేను మీ మాదిరి ఇంజినీరును కాదు గానీ ఆ రాత్రి పడుకోలేకపోయినా. మరుసటి రోజు వంటింటి థర్మామీటరు ఒకటి కొన్నా. దాన్ని నేరుగా ఆ నీళ్లలో పెడితే అదే తోడయి గడ్డ కట్టేస్తుంది. అందుకని పక్కన ఇంకో సీసాలో రెండు గుప్పిళ్ల ఉప్పు కలిపిన నీళ్లు పెట్టినాం, ఉప్పు నీళ్లు అంత తొందరగా గడ్డకట్టవు గదా. రెండూ ఒక్కసారే తీసినాం. ఉప్పు సీసాలో మైనస్ 6 చూపించింది. మంచినీళ్ల సీసా కూడా అంతే ఉండాల. దాన్ని టక్కున కొట్టినా, తెల్లపరదా దిగింది, మూత తీసి థర్మామీటరు గుచ్చినా. మస్తానూ, అది మెత్తగా దిగింది. అంకె చూస్తే 0.

అర్థమయిందా? మైనస్ 6 లో ఉన్న నీళ్లు ఐసయి, వేడెక్కినాయి! చిట్టి నమ్మలేదు, మూడుసార్లు చేయించింది. మనకు సైన్సు సారు బెత్తం పట్టుకొని వల్లె వేయించిన గుప్తోష్ణం ఇదే. గ్రాము ఐసు కరగాలంటే 80 కెలోరీలు తాగుతుంది, గ్రాము నీళ్లు గడ్డకడితే ఆ 80 బయటికి కక్కుతాయి. 1760లలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే ఆయన పట్టుకున్నాడు ఈ దాగిన వేడిని. మనం పరీక్షలో రెండు మార్కులకు రాసినాం, ఒక్కనాడూ చేత్తో తాకలేదు.

ఇంగ లెక్క చూడు. గ్రాము నీళ్లు మైనస్ 6 నుంచి 0 కు రావాలంటే 6 కెలోరీలు చాలు. అంటే 80 లో 6, పదమూడో వంతు. అంతమేర గడ్డకట్టేసరికే దాన్నుంచి వచ్చిన వేడికి మిగతా నీళ్లు 0 కు వచ్చేస్తాయి, ఆట ఆగిపోతుంది. అరలీటరు సీసాలో 40 గ్రాములు కూడా కాదు ఐసు! మిగతాదంతా నీళ్లే, ఆ ఈకల సందుల్లో ఇరుక్కొని ఉంటాయి. చూసేవాడికి సీసా నిండా ఐసు. స్ట్రా పెట్టేవాడికి మెత్తన. నువ్వు రెండూ చెప్పినావు, రెండూ నిజమే. నిన్ను అబద్ధాలకోరును చేసేదానికి నేను పట్టుకున్న ఆ ఒక్క మాటే, నువ్వు నిజం చూసినావు అనేదానికి సాక్ష్యం. చూడనోడికి ఆ మాట కల్పించడానికి కూడా తట్టదు రా.

ఇంకోటి. దీన్ని మొదట రాసిపెట్టింది ఫారెన్‌హీట్, థర్మామీటరు ఆయనే, 1724లో. కాచిన నీళ్లు గాజుబుడ్డిలో మూసి చలిలో పెడితే, ఆయన కొలత ప్రకారం 15 డిగ్రీల దగ్గర, అంటే మన లెక్కలో మైనస్ 9, తెల్లారి కూడా నీళ్లుగానే ఉన్నాయంట. ఆ బుడ్డి పట్టుకొని మెట్లెక్కుతా కాలు జారితే, ఆ అదురుకు లోపల ఐసు కట్టిందని చెప్తారు. అది చదువుతాంటే నాకు ఒళ్లు జలదరించింది. ఏడు రోడ్ల కాడ నువ్వు, మెట్ల మీద ఆయన. ఆయన రాసిపెట్టినాడు, నమ్మినారు. నువ్వు చెప్పినావు...

మన సీమలో వాన కురిపించేదానికి మేఘమథనం అని విమానాలు తిప్పినప్పుడు మీ నాయన మిద్దెక్కి చూసేవాడు గదా. అందులో కూడా ఈ సంగతే ఉండాది. పైన చల్లటి మేఘాల్లో బిందువులు 0 కంటే కిందికి పోయి కూడా తోడు లేక నీళ్లుగానే వేలాడతాంటాయి. సిల్వర్ అయొడైడ్ పలుకుల అమరిక దాదాపు ఐసు అమరికే గాబట్టి, వాటిని చల్లితే ఐసే అనుకొని నీళ్లు పట్టుకుంటాయి. 1946లో అమెరికాలో షేఫర్ అనే ఆయన డ్రై ఐస్‌తో, అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్‌తో, అదే ఏడు బెర్నార్డ్ వానగట్ అనే ఆయన సిల్వర్ అయొడైడ్‌తో కనిపెట్టినారు. వెచ్చటి మేఘాలకు ఉప్పు చల్లుతారు, అది వేరే దారి. మీ నాయన ఉంటే ఈ సీసా పట్టుకుపోయి చూపించేవాణ్ణి. ఆయన ఎన్ని ప్రశ్నలు అడిగేవాడో.

మరిగేటప్పుడు కూడా ఇట్లాంటిదే ఉందంట, నున్నటి గిన్నెలో నీళ్లు 100 దాటి కూడా మరగకుండా ఉండి, చెంచా పెట్టంగానే ఒక్కసారిగా... అది చేయొద్దులే, ముఖాన పడుతుంది. ఇంకోసారి రాస్తా.

తర్వాత రాస్తా అన్న మాట ఉంది గదా. ఆ రోజు నేను నీ పక్కన నిలబడుండాల్సింది. నమ్మకపోయినా సరే, "వాడు చూసినానంటాడు గదా, రేపు మనమూ పెట్టి చూద్దాం" అనుండాల్సింది. అంగడి ఉన్నింది, పెట్టె ఉన్నింది, సీసాలు ఉన్నాయి, సెలవులు ఉన్నాయి. ఒక్కరం కూడా చూద్దామనలేదు. కాలేజీ తెరిచినాక నువ్వే వచ్చి నా పక్కన కూర్చోని నీ డబ్బాలో సగం నా ముందర పెట్టినావు. ఆ రోజు క్షమించు అని అడగలేదు, ఇప్పుడు అడుగుతాండా. చిట్టికి మొత్తం చెప్పినా, నా తప్పుతో సహా. అది "మస్తాన్ మామకు వీడియో పంపుదాం" అనింది. వద్దన్నా. నువ్వు వచ్చినప్పుడు నీ చేతిలోనే కావాల. ఉరుసుకు వస్తానన్నావు గదా, మన వాళ్లందరినీ పిలుస్తా, ఎవరెవరు ఆ రోజు చప్పట్లు కొట్టినారో నాకు ఒక్కొక్కరూ గుర్తే. మూత మాత్రం నువ్వే

కారు వచ్చేసింది, హారన్ కొడ్తాండాడు. నాలుగు కూడా కాలేదు, ఏం తొందరో. రజియాకు, పిల్లలకు మేమందరం అడిగినామని చెప్పు. ఊరగాయ మూత ఊడకుండా కవరు కట్టినా. మీ ఇంట్లో చేసి చూడాలంటే గాజు సీసా వద్దు, పగులుతుంది. సీసాను కదల్చకుండా పడుకోబెట్టు. మా ఫ్రీజర్‌లో రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది, మీ దాంట్లో రెండు గంటల కాడి నుంచి చూస్తా ఉండు, తలుపు మెల్లగా తెరువు

సీనా