వయొలిన్ అటక మీద నుంచి దించు, అమ్మణ్ణీ

తిరుపతి,
జూన్, ఆదివారం.

చిరంజీవి అమ్మణ్ణికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలు కాస్త నయం. మెట్లెక్కొద్దంటే వినడం లేదు, మిద్దె మీద ఒడియాలు పెట్టాలని ఎక్కుతూనే ఉంది. శీనుగాడు శుక్రవారం బెంగళూరు వస్తున్నాడు, వాడితో బేనీషా పండ్లు ఒక పెట్టె పంపుతున్నాను. గడ్డిలో మాగేసినవి, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఆఫీసులో వాళ్ళకు పంచితే పంచు, ముందు నువ్వు తిను. పోయినసారి ఫొటోలో మెడ ఎముకలు కనిపిస్తున్నాయని మీ అమ్మ రెండు రోజులు అదే మాట.

గంగజాతరకు నువ్వు రాలేదు. సెలవు దొరకలేదన్నావు, సరే. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా రెండు మాటలు మాట్లాడి మీటింగ్ అని పెట్టేస్తున్నావు. మీ వనజత్త నీ దగ్గర ఒక రాత్రి ఉండి వచ్చింది కదా, నీ గదిలో వయొలిన్ పెట్టె అటక మీద సూట్‌కేసుల వెనక ఉందని చెప్పింది. ఇల్లు సర్దేటప్పుడు పెట్టుంటుందిలే అన్నాను. దాని గురించి అడగడానికి కాదు ఈ ఉత్తరం.

తాళం దెబ్బలు ఒకే వేగంలో మోగించే మెట్రోనోమ్ గురించి రాద్దామనుకున్నాను. సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోన్‌లో ఆన్‌లైన్ మెట్రోనోమ్ పెట్టుకుని వర్ణం వాయించావు, వరండాలో కూర్చుని విన్నాను. మంచి పరికరమే. 1815లో మెల్జెల్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న చెక్కపెట్టె మెట్రోనోమ్‌లో అయితే లోలకం మీద బరువును పైకి జరిపితే నెమ్మది, కిందికి జరిపితే వేగం. ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా ఫోన్‌లో దొరుకుతోంది. కానీ నువ్వు దాన్ని నాలుగు దెబ్బల మీదే వదిలేశావు. ఎనిమిది దెబ్బల ఆది తాళానికి అది చాలదమ్మా. ఒకటో దెబ్బా ఐదో దెబ్బా ఒకేలా గట్టిగా మోగితే సమం, అంటే తాళం మొదలయ్యే చోటు, ఎక్కడో చెవికి తెలియదు. ఎనిమిదికి పెట్టి ఒకటి, ఐదు, ఏడు గట్టిగా మోగేలా పెట్టుకో. నాలుగు దెబ్బల లఘువు, రెండేసి దెబ్బల రెండు ద్రుతాలు విడివిడిగా వినిపిస్తాయి, సమం తెలుస్తుంది. మిశ్రచాపు తాళానికి ఏడు పెట్టి ఒకటి, నాలుగు గట్టిగా మోగాలి. సాధన మధ్యలో వేరే పేజీ తెరవొద్దు, కొన్ని సైట్లలో దెబ్బలు తడబడతాయి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే కాల్స్ అడ్డం రావు. ఇంటర్నెట్ లేకపోతే పేజీ తెరుచుకోదు కాబట్టి ముందే తెరిచి ఉంచుకో.

ఇంకొకటి. ఎప్పుడూ అక్షరానికొక దెబ్బ (తాళంలో ఒక్కో లెక్కను అక్షరమంటారు కదా) వింటూ వాయిస్తే లెక్కంతా అదే చూసుకుంటుంది, నీకు పని ఉండదు. నిమిషానికి 60 దెబ్బల్లో కుదిరాక అదే వేగంలో వాయిస్తూ మెట్రోనోమ్‌ను 30కి దించు. రెండక్షరాలకు ఒక దెబ్బ పడుతుంది, నడుమ ఖాళీని నువ్వే మొయ్యాలి. వయొలిన్ వాళ్ళకు రెండు చేతులూ ఖాళీ ఉండవు కాబట్టి కాలితో తాళం తప్పనిసరి. మన పుంగనూరులో పుట్టిన గాత్ర విద్వాంసులు చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై గారు కాంచీపురం నైనా పిళ్ళై గారి శిష్యులు. ఆ పరంపరే లయకు పెట్టింది పేరు. మన పాత చిత్తూరు జిల్లా పిల్లవు, నీకు లయ లేదని ఎవరన్నా అంటే నాకు మింగుడు పడదు.

అవునమ్మా, ఆ మాట కూడా వనజత్త చెప్పింది. అన్నమయ్య జయంతికి మీ సంగీతం గ్రూపులో అందరూ ఎవరింట్లో వాళ్ళు రికార్డు చేసి పంపితే కలిపారట కదా. నీ వయొలిన్ వెనకబడిందని, లయ లేదని గ్రూపులో అందరి ముందూ అన్నారట. ‘నాకు చేతకాదులే అత్తా, ఇంక చాలు’ అన్నావట. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

మీ జేజి, అదే మా అమ్మ, సంగతి నీకు చెప్పానో లేదో. ధనుర్మాసంలో మన ఊరి భజన గుడి నుంచి తెల్లవారుజామునే భజన బయలుదేరేది. ముందు పెట్రోమాక్సు లైటు, దాని వెనక హార్మోనియం, మద్దెల, చిడతలు పట్టుకున్న మగవాళ్ళు, వాళ్ళ వెనక చెవులకు తువ్వాళ్ళు చుట్టుకుని పొంగలి కోసం నడిచే మాలాంటి పిల్లకాయలు, చిట్టచివర ఆడవాళ్ళు. ఒక ఏడు పక్క పల్లెవాళ్ళు కూడా కలిసేసరికి వరస బాగా సాగింది. మద్దెలకూ ఆఖరి ఆడవాళ్ళకూ నడుమ 30, 40 గజాలు. పాట చెదిరిపోయింది. ముందున్నవాళ్ళు ‘వెనక ఆడోళ్ళకు తాళం లేదు, గమ్మునుండమనండి’ అని అరిచారు. ఊళ్ళో జేజి కంటే బాగా పాడేవాళ్ళు లేరు. మరుసటి రోజు ఆమె పోలేదు. ముగ్గు వేసింది, పొయ్యి వెలిగించింది, భజన మన వాకిట్లోకి వస్తే హారతి ఇచ్చింది, నోరు మాత్రం తెరవలేదు.

జేజినాయన ఏమీ అనలేదు. ఆ పూట వరస పక్కనే ముందుకూ వెనక్కూ నడిచి విన్నాడు. మద్దెల దగ్గర నిలబడితే ఆడవాళ్ళ పాట ఆలస్యంగా వస్తోంది. ఆడవాళ్ళ దగ్గర నిలబడితే వాళ్ళు మద్దెలతో సరిగ్గానే ఉన్నారు. ఇంటికొచ్చి, తేడా మనుషుల్లో లేదు, నడుమ దూరంలో ఉందన్నాడు. మద్దెలను వరస మధ్యకు రమ్మన్నాడు. మద్దెలాయన ఒక పట్టాన ఒప్పుకోలేదు, ముందు నడవడం ఆయనకు మర్యాద. కాళ్ళావేళ్ళా పడి తెచ్చాడు. పాట కలిసింది. జేజి ఆ నెల మిగిలిన రోజులన్నీ పాడింది. నేను పిల్లలకు ధ్వని పాఠం చెప్పేటప్పుడు ఈ లెక్కే బోర్డు మీద వేసేవాణ్ణి. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 34 మీటర్లకు సెకనులో పదో వంతు. వెనకవాళ్ళు విని పాడింది తిరిగి ముందుకు చేరడానికి ఇంకో పదో వంతు.

నువ్వు మీ అమ్మకు పంపిన రికార్డింగూ, వింటూ వాయించమని గ్రూపువాళ్ళు పంపిన మెట్రోనోమ్ దెబ్బల ఫైలూ శీనుగాడి ల్యాప్‌టాప్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టించి చూశాను. పైన దెబ్బ గీత లేచిన చోటుకు కొంచెం కుడిపక్కన నీ విల్లు గీత లేస్తోంది. పల్లవిలో ఎంత తేడా ఉందో, ఆఖరి చరణంలోనూ అంతే తేడా. సెకనులో ఐదో వంతుకు కాస్త తక్కువ. 72 వేగంలో అక్షరానికి నాలుగు స్వరాలు వేస్తే దాదాపు ఒక స్వరమంత. విన్నవాళ్ళకు వెనకబడినట్టే ఉంటుంది మరి. కానీ చెయ్యి తప్పితే తేడా ఒకచోట పెరుగుతుంది, ఒకచోట తగ్గుతుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే కొలతలో తప్పడం మనిషి వల్ల కాదు. నీ చెవిలో ఉన్నది బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కదా? వాటిలో శబ్దం చెవికి చేరేసరికి సెకనులో పదో వంతు, ఐదో వంతు ఆలస్యం మామూలే. నువ్వు విన్న దెబ్బకు సరిగ్గానే వాయించావు. ఆ దెబ్బే నీ దగ్గరకు ఆలస్యంగా వచ్చింది. పాట మొత్తం అంత కచ్చితంగా నిలబెట్టిన పిల్లకు లయ లేదంటారా?

మామిడిపండ్ల పెట్టెలో పైన వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టాను. పిన్ను నీ ఫోన్‌కు పట్టదేమోనని సి టైపుదే కొన్నాను. దాంతో పల్లవి ఒక్కటి మళ్ళీ వాయించి నాకు పంపు. గ్రూపులో వాళ్ళకు చెప్పాలో వద్దో నీ ఇష్టం. చెబితేనే మంచిదని నాకనిపిస్తుంది, ఇంకో పిల్లకు ఇదే మాట పడకుండా ఉంటుంది.

పెట్టె దించేటప్పుడు స్టూలు వేసుకోకు, శీనుగాడు పొడుగ్గా ఉంటాడు, వాడు తీస్తాడు. విల్లు వదులు చేసే పెట్టావా? బిగించి వదిలేస్తే కర్ర వంగిపోతుంది. అక్కడ వానలు మొదలై ఉంటాయి, తీగలు బిగించే బిరడాలు బిగుసుకుంటే బలవంతంగా తిప్పకు, తీగ తెగి కంట్లో కొడుతుంది. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను. ఆదివారం మీటింగ్ ఉండదు, ఎత్తు.

ఇట్లు,
మీ నాన్న