తగ్గమనే ముందు తూచండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఆరోగ్యం పేజీలో బరువు తగ్గడం మీద వచ్చే వ్యాసాలు నడకతో మొదలై మెట్లు ఎక్కడంతో ముగుస్తాయి. చక్రాల కుర్చీలో తిరిగేవారి వంతు వచ్చేసరికి ‘డాక్టర్‌ను అడగండి’ అన్న ఒక్క ముక్కే మిగులుతుంది. తీరా వెళ్తే ‘బరువు పెరిగారు, తగ్గాలి’ అంటారు. ఎంత పెరిగారో ఆయనకూ తెలియదు, ఎందుకంటే గదిలో ఉన్న కాటా నిలబడగలిగేవారిది. రోగి చెప్పిన అంకెనో, కంటి అంచనానో చీటీలో రాసేస్తారు. కొన్ని మందుల మోతాదు, ఆపరేషన్ అయితే మత్తుమందు మోతాదు కూడా బరువును బట్టే ఉంటాయని గుర్తుంచుకుంటే ఇది చిన్న విషయం కాదు.

ప్రతి ఆరోగ్య కేంద్రంలో చక్రాల కుర్చీ ఎక్కే కాటా ఒకటి పెట్టాలి. ఇదేం అపురూపమైన యంత్రం కాదు. సరుకు తూచే ప్లాట్‌ఫామ్ కాటాకు వాలుగా ఒక పలక బిగిస్తే సరిపోతుంది. నాలుగు చక్రాలూ పళ్లెం మీద పట్టాలి, ఒక్క ముందు చక్రం బయట ఉన్నా తూకం తప్పుతుంది. మోటారు కుర్చీలు చాలావాటికి వాటి బరువే వంద కిలోలు దాటుతుంది కాబట్టి 300 కిలోలు తూగేది తీసుకోవాలి. మనిషితో సహా ఒకసారి, మనిషి మంచం మీదికి మారాక ఖాళీ కుర్చీని ఇంకోసారి తూచి తీసివేయాలి. కింద వేసుకునే మెత్త, పాదాల పలకలు రెండుసార్లూ ఉండాలి. వెనక తగిలించిన సంచిని రెండుసార్లూ తీసేయాలి. మూత్రం సంచి ముందే ఖాళీ చేయాలి. ఖాళీ కుర్చీ బరువును ఫ్రేమ్ మీద స్టిక్కరు అంటించి రాసుకుంటే ప్రతిసారీ దిగనక్కర్లేదు. మెత్త మార్చిన రోజు మాత్రం మళ్లీ తూచుకోవాలి.

వచ్చిన అంకెను మామూలు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) పట్టికలో చూస్తే మోసపోతాం. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో కాళ్ల కండ కరిగి ఒంట్లో కొవ్వు పాలు పెరుగుతుంది. అందుకే వీరి విషయంలో స్థూలకాయం గీత 30 దగ్గర కాదు, 22 దగ్గరే గీయాలని పరిశోధకులు సూచించారు. కాలు తీసేసినవారికి లెక్క వేరు. పూర్తి కాలు శరీర బరువులో సుమారు 16 శాతం, మోకాలి కింది భాగం 6 శాతం, ఆ మేరకు కలుపుకున్నాకే బీఎంఐ కట్టాలి. ఇదంతా తలనొప్పి అనుకుంటే టేపు ఉంది. వెల్లకిలా పడుకుని, ఊపిరి వదిలాక, చివరి పక్కటెముక కిందుగా నడుం కొలత నెలకోసారి తీసి రాసుకుంటే చాలు.

వెన్నుపాము గాయమైనవారు విశ్రాంతిలో ఖర్చు చేసే కేలరీలు మిగతావారికంటే 14 నుంచి 27 శాతం తక్కువని పరిశోధనల్లో తేలింది. కాబట్టి గాయానికి ముందు తిన్నంతే తింటే మిగిలేదంతా కొవ్వే. చేతుల కండ కాళ్ల కండకంటే బాగా చిన్నది, వాటితో చేసే పనికి ఖర్చయ్యే శక్తికీ హద్దుంది. ఫలానా మెషిన్ తిప్పితే పొట్ట పోతుందని చెప్పి అమ్మేవారిని నమ్మకండి. బరువు తగ్గేది ముఖ్యంగా కంచం దగ్గరే. వ్యాయామం గుండెకు, రక్తంలో చక్కెరకు, భుజాలకు. తిండి తగ్గించినా మాంసకృత్తులు తగ్గించవద్దు. చర్మం పుండు పడితే మానడానికి అవే ఆధారం.

ఎంత చేయాలన్నదానికి లెక్క ఉంది. వికలాంగులకు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. వెన్నుపాము గాయమైనవారి కోసం అంతకుముందు 2018లో వచ్చిన అంతర్జాతీయ సూచనలు ఇంకా అందుబాటులో ఉండే మెట్టుతో మొదలవుతాయి: వారానికి రెండుసార్లు 20 నిమిషాల చొప్పున ఆయాసం వచ్చే వ్యాయామం, రెండుసార్లు పనిచేసే ప్రతి పెద్ద కండరానికి మూడు సెట్లు. గుండె, చక్కెర మెరుగుపడాలంటే 30 నిమిషాలు, వారానికి మూడుసార్లు. కొత్తవారు ఐదేసి నిమిషాల ముక్కలుగా మొదలుపెట్టవచ్చు. 220లోంచి వయసు తీసేసి, అదే గుండె వేగానికి పైహద్దు అనుకుని నాడి చూసుకునే పద్ధతి ఇక్కడ పనికిరాదు. మెడ దగ్గర గాయమైతే ఎంత కష్టపడినా గుండె వేగం చాలామందిలో 130 దాటదు. మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతే తీవ్రత సరిపోయినట్టే.

ఎక్కువమంది దెబ్బతినేది భుజాల దగ్గర. కుర్చీ తోయడంతో రోజంతా ఛాతీ, భుజం ముందు కండరాలే పనిచేస్తాయి. జిమ్‌కు వెళ్లి మళ్లీ ఛాతీ బలం కోసం బరువులు తోస్తే భుజం ముందుకు లాగేసి కీలులో కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ నలుగుతుంది. కావలసింది లాగే వ్యాయామం. రబ్బరు పట్టీని ఎదురుగా ఛాతీ ఎత్తున కట్టి, మోచేతులు పక్కలకు ఆనించి, రెక్క ఎముకలు దగ్గరయ్యేలా వెనక్కి లాగాలి. మోచేయి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పడం ఇంకొకటి. తోసేటప్పుడు పొట్టి పొట్టి తోపులు మాని, రిమ్ (చక్రానికి పక్కన చేత్తో తిప్పే రింగు) పట్టుకుని పొడుగ్గా తోసి, చేతిని రిమ్ కిందుగా వెనక్కి తేవాలి. రిమ్ పైభాగాన చేయి పెట్టినప్పుడు మోచేయి వంపు 100 నుంచి 120 డిగ్రీలుంటే సీటు ఎత్తు సరిగ్గా ఉన్నట్టు. టైర్లలో గాలి తగ్గితే కేలరీలు ఎక్కువ ఖర్చవుతాయి, నిజమే, కానీ ఆ బాకీ తీర్చేది భుజాలు.

బ్రేకులు వేస్తే కుర్చీ దొర్లదు, అంతే. డంబెల్స్ తలపైకి ఎత్తినప్పుడు వెనక్కి పడిపోకుండా ఆపేవి వెనకుండే యాంటీ టిప్ చక్రాలు. నడుం నిలపలేనివారికి ఛాతీ బెల్టు కూడా ఉండాలి.

ఛాతీ ఆరో వెన్నుపూస దగ్గర గానీ ఆ పైన గానీ గాయమైనవారి విషయంలో శిక్షకులు ఒక ప్రమాదం తెలుసుకుని తీరాలి. మూత్రాశయం నిండడం, కాథెటర్ (మూత్రం గొట్టం) మడతపడటం, బెల్టు బిగుసుకోవడం, ఏదైనా చాలు, రక్తపోటు అమాంతం పైకి పోతుంది. తల పగిలేలా నొప్పి, ముఖం ఎర్రబడటం, గాయానికి పైభాగంలో చెమట. దీన్ని అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. వీరి రక్తపోటులో పైఅంకె మామూలుగా 90 నుంచి 110 మధ్య ఉండేది కాబట్టి 140 కూడా ప్రమాదమే. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, కట్లు వదులు చేసి, కాథెటర్ చూడాలి. తగ్గకపోతే అత్యవసర వైద్యం. పడుకోబెట్టకూడదు. (రక్తపోటు పెరిగితే పరుగు బాగుంటుందని కొందరు క్రీడాకారులు దీన్ని కావాలని తెచ్చుకునేవారు, పారాలింపిక్ పోటీల్లో అది నిషిద్ధం.) గాయం కింద చెమట పట్టదు కనుక ఒళ్లు తొందరగా వేడెక్కుతుంది. నీళ్లు చల్లుకునే సీసా దగ్గర ఉంచుకోవాలి.

బరువు తగ్గాక ఎదురయ్యే ఇబ్బందిని ఎవరూ చెప్పరు. పిరుదుల దగ్గర కొవ్వు తగ్గి ఎముక మెత్తకు ఒరుసుకుంటుంది, సీటు వెడల్పయి మనిషి ఒక పక్కకు ఒరుగుతాడు. ఐదారు కిలోలు తగ్గగానే మెత్తను, సీటును మళ్లీ సరిచూడాలి. వ్యాయామం అయ్యాక అద్దం పెట్టి చర్మం చూసుకుని, ఎర్రదనం అరగంటలో పోకపోతే ఆ భాగం మీద కూర్చోకూడదు. పిరుదుల మీద ఒత్తిడి తగ్గించడానికి మధ్యమధ్య ముందుకు వాలి రెండు నిమిషాలు ఆగితే, చేతులమీద లేవడంకంటే భుజానికి మేలు.

పోలియో వచ్చినవారు అలసిపోయేదాకా చేయకూడదు. కండరాల క్షీణత వ్యాధి ఉన్నవారు భారీ బరువుల జోలికే పోరాదు.

పార్కుల్లో వ్యాయామ పరికరాలు బిగించే పురపాలక సంస్థలకూ ఒక విన్నపం. కూర్చున్న ఎత్తులో చేతులతో తిప్పే చక్రం ఒకటి, దాని ఇరుసు భుజం మట్టానికి వచ్చేలా, సీటు లేకుండా పెట్టించండి. ముందు 90 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవు గట్టి నేల వదలండి. చుట్టూ ఇసుక పోస్తే ముందు చక్రాలు కూరుకుపోతాయి.

ఇట్లు,
ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్న పాఠకులు