చెట్టెక్కే ఎండ్రకాయలు చూసి రా

నల్లగొండ

శీనూ,

ఎట్లున్నవ్‌రా? సింగపూర్‌లో క్రాంజీ దిక్కు రూం తీసుకున్నా అన్నప్పటి నుంచి నీకు ఇది రాయాలనే ఉంది. అక్కడ సుంగై బులో మడ అడవి ఉంది. ఈ ఆదివారం తప్పకుండా పో. అక్కడ ఎండ్రకాయలు చెట్లెక్కుతాయి!

మన గట్టు ఎండ్రకాయలు నీకు తెలిసినవే. నాట్లు పడ్డంక గట్టుకు బొక్క పెడితే తెల్లారేసరికి మడి ఖాళీ. మా నాయినకు ఇప్పటికీ అదే టెన్షన్. అలికిడైతే చాలు, బొక్కలోకి దూరుతాయి. మడ అడవిలో అట్ల కుదరదు. సముద్రం పోటు వచ్చిందంటే బురదంతా మునుగుతుంది, నీళ్లతోపాటు వాటిని తినే చేపలూ వస్తాయి. అందుకే మాను మీదికి ఎక్కి కూర్చుంటాయి, నీళ్లు తీసినంక దిగుతాయి.

ఎక్కడం ఒక ఎత్తు, ఎక్కినంక ఊపిరాడటం ఇంకో ఎత్తు. ఎండ్రకాయకు ఉన్నవి మొప్పలు కదా, అవి ఆరిపోతే ప్రాణం పోతుంది. అందుకని మొప్పల గదుల్లో నీళ్లు పట్టుకొనే పైకి పోతుంది. ఆ నీళ్లు మూతి దగ్గర బయటికొచ్చి, చెంపల మీద జల్లెడలాగా అల్లుకున్న సన్నటి వెంట్రుకల మీదుగా పలచగా పారుతాయి. అక్కడ గాలి తగిలి ఆక్సిజన్ పట్టుకొని, కాళ్ల మొదట్లో ఉన్న సందుల్లోంచి మళ్లీ లోపలికి పోతాయి. అవే నీళ్లు, తిప్పి తిప్పి వాడుకుంటుంది! ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదురా.

కెన్యా తీరంలో ఇంకో రకం ఉంది. రోజుకు రెండుసార్లు వేళ్ల దగ్గర్నుంచి కొమ్మల దాకా ఎక్కి లేత ఆకులు, మొగ్గలు తిని దిగుతుంది. మేసే చోటు మారదు, మళ్లీ ఆ కొమ్మకే పోతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో మరో రకం ఉంది, దాన్ని చూడాలంటే ఓపిక కావాలి. మనం అటు పోతే అది మాను వెనక్కి జరుగుతుంది, మరీ దగ్గరికి పోతే నీళ్లలోకి దూకేస్తుంది. ఇట్ల చెట్ల మీదే బతికేవాటికి కాలి చివరి గోరు పొట్టిగా, మొనదేలి ఉంటుంది, బెరడు మీద పట్టు జారదు.

మన దగ్గర లేవనుకోకు. కేరళలో చెట్టు తొర్రల్లో నిలిచిన నీళ్లలో బతికే ఎండ్రకాయ గురించి 2017లో శాస్త్రవేత్తలు లోకానికి చెప్పారు. దాన్ని ముందు నుంచీ ఎరిగినవాళ్లు అక్కడి కాణి గిరిజనులు, అందుకే వాళ్ల పేరే పెట్టారు. అది మంచినీటిది, మన గట్టు ఎండ్రకాయకు చుట్టమే.

పోయేముందు పోటు టైం చూసుకో. నీళ్లు బాగా ఎక్కినప్పుడు చెక్క వంతెన మీద నిలబడి, నీటి మట్టానికి కాస్త పైన మానుల మీద వెతుకు. చప్పుడు చేయకు. ఫోటో కాదు, మూతి దగ్గర వీడియో తీసి పంపు.

నీ
రాజు