బడి కమిటీ జమా ఖర్చులు, 2025–26: ఏ రూపాయి ఎటు పోయింది

తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు, చందాలిచ్చిన దుకాణాల వాళ్లకు, కార్ఖానాల వాళ్లకు, మన వాడ పెద్దలకు నమస్కారం.

పోయిన జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి ఈ మార్చి 31 దాకా మన ప్రాథమిక పాఠశాల కోసం వసూలైన డబ్బు, ఖర్చయిన డబ్బు లెక్క ఇది. మధ్యాహ్న భోజనం, యూనిఫాంలు, సర్కారు ఇచ్చే స్కూల్ గ్రాంటు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ కింద జరిగిన రిపేర్లు ఇందులో కలవవు. వాటి రికార్డు హెడ్మాస్టర్ మేడం దగ్గర వేరుగా ఉంటుంది. ఇక్కడున్నవి మనం వేసుకున్న పైసలు మాత్రమే. ఈ ఏడాది వీటిలో ఎక్కువ భాగం పిల్లల ఫోన్ భద్రత పనికే పోయింది.

జమ సంగతి ముందు చెప్తాం. అంతకుముందు ఏడాది మిగిలిన నిల్వ రూ. 3,140. తల్లిదండ్రుల చందాలు రూ. 21,350. పూర్వ విద్యార్థులు ఇచ్చింది రూ. 18,000. దుకాణాలు, కొత్తవాడ వైపు జంపఖానాల కార్ఖానాల నుంచి వచ్చింది రూ. 11,500. ఆగస్టు 15న గేటు దగ్గర పెట్టిన డబ్బాలో రూ. 2,460 పడ్డాయి. బ్యాంకు వడ్డీ రూ. 212. మొత్తం జమ రూ. 56,662. రోజు కూలీ మీద బతికే ఇళ్ల నుంచి కూడా యాభై, వంద అని అడగకుండానే తెచ్చిచ్చారు. యాభై రూపాయలకైనా, అయిదు వేలకైనా ఒకే రకం రసీదు ఇచ్చాం. దాతల పేర్లతో ఫ్లెక్సీ కట్టలేదు.

రాని జమ ఒకటుంది, అది కూడా మీకు తెలియాలి. ట్యూషన్ యాప్ అమ్ముకునే ఒక ప్రైవేటు కంపెనీ మనిషి వచ్చి రూ. 15,000 ఇస్తామన్నాడు. బదులుగా పిల్లల పేర్లు, తరగతులు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్ల లిస్టు కావాలన్నాడు. కమిటీ కూర్చొని మాట్లాడి వద్దని తీర్మానం చేసింది. "పదిహేను వేలు ఊరికే వదులుకున్నరు" అని కొందరు అన్నారు, వాళ్ల బాధ అర్థమైంది. కానీ ఆ నంబర్లు మనవి కావు, ఒక్కో ఇంటివి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలంటుంది, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని వద్దంటుంది. చట్టం లేకపోయినా మా జవాబు ఇదే అయ్యేది. మన పిల్లల లిస్టు ఒకసారి బయటికి పోతే ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోతుందో కనుక్కునే దారి మనకు లేదు.

ఇక ఖర్చు. అన్నిటికన్నా పెద్దది ప్రొజెక్టర్: రూ. 14,800. దానికి తెర రూ. 1,650, మైకుతో స్పీకర్ రూ. 3,400. కలిపి రూ. 19,850. మూడు దుకాణాల్లో కొటేషన్లు తీసుకున్నాం. బిల్లు బడి పేరు మీద ఉంది, సామాను స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కింది. జులై మీటింగ్‌లో చాలామంది ట్యాబ్‌లు కొనమన్నారు. ఈ డబ్బుకు రెండో మూడో ట్యాబ్‌లు వచ్చేవి, అవి ఏ తరగతికీ చాలవు. పైగా ఆ మీటింగ్‌లోనే ఒక తల్లి లేచి చెప్పిన మాట అందరినీ ఆపింది. "సార్, బడిల ఫోన్ లేకనే మంచిగుంది. ఇంటికొస్తే నా ఫోన్ నా చేతిల ఉండదు. నా పిన్ను నాకంటే ముందు మా బాబే కొడతడు." ఆ తల్లి తర్వాత ఇంకొకరు, ఇంకొకరు అదే చెప్పారు. ఫోన్ ఇయ్యకుంటే బువ్వ తినడని, యూట్యూబ్‌లో ఒకటి పెట్టిస్తే అదంతట అదే ఇంకేదో చూపిస్తున్నదని, గేములో ఎవరో "నీ పేరేంది, ఏ ఊరు" అని అడిగారని.

ఈ సంవత్సరం పనంతా ఆ మాటల నుంచే వచ్చింది. కరోనాతో బడులు మూసి ఉన్న 2020 సెప్టెంబరులో టీ-శాట్ (సర్కారు చదువుల ఛానల్), దూరదర్శన్ పాఠాలు మొదలైనప్పుడు అప్పు చేసి మరీ స్మార్ట్‌ఫోన్లు కొన్న ఇళ్లు మన వాడలో ఉన్నాయి. ఇప్పుడు అయిదో తరగతిలో ఉన్నవాళ్లు అప్పటికి బడిలోనే చేరలేదు. అన్నల పక్కన, అక్కల పక్కన కూర్చొని ఫోన్ నేర్చారు. పాఠాలు ఆగిపోయాయి, ఫోన్ ఇంట్లోనే ఉంది. మన పిల్లల్లో సొంత ఫోన్ ఉన్నవాళ్లు దాదాపు లేరు. అందరూ వాడేది అమ్మది, నాన్నది, తాతది. అందుకే పిల్లలకు వస్తువులు కొనే బదులు పెద్దల ఫోన్లు సరిచేయడానికి ఈ డబ్బు వాడాలని కమిటీ నిర్ణయించింది. ప్రొజెక్టర్ కొన్నది కూడా అందుకే. ఫోన్ తెరను గోడంత పెద్దగా చూపిస్తే, ఏది నొక్కాలో వెనక కూర్చున్న నాయనమ్మకు కూడా కనబడుతుంది. పగలు అదే ప్రొజెక్టర్ మీద టీచర్లు పాఠాలు చెప్తున్నారు.

సాయంత్రం మీటింగుల ఖర్చు నాలుగు చోట్ల రాసి ఉంది: కుర్చీలు, షామియానా కిరాయి రూ. 2,700, చాయ్, బిస్కెట్లు రూ. 3,120, ఇంటికి తీసుకెళ్లే కాగితం అచ్చుకు రూ. 1,800; నేర్పడానికి వచ్చిన డిగ్రీ పిల్లల దారి ఖర్చులకు రూ. 1,600. చాయ్ ఖర్చు మీద అడిగారు, అడగడం మంచిదే. మీటింగులు రాత్రి ఏడున్నరకు పెట్టాల్సి వచ్చింది. మగ్గం దిగేవాళ్లు, ఎనుమాముల మార్కెట్ నుంచి వచ్చే హమాలీలు, ఆటో నడిపేవాళ్లు అంతకుముందు రాలేరు. పని నుంచి నేరుగా వచ్చి కూర్చునే మనిషికి ఒక కప్పు చాయ్ ఇవ్వకుండా గంటసేపు సెట్టింగులు నేర్పడం మాకు మనసొప్పలేదు. దసరా సెలవుల్లో పిల్లలు రోజంతా ఇంట్లో ఉంటారని ముందే ఒక మీటింగ్ పెట్టాం. జనవరిలో మేడారం జాతర ఉండటంతో ఆ నెలది ఫిబ్రవరికి జరిపాం.

ఆ గంటలో ఏం నేర్పామో చెప్తేనే ఈ ఖర్చుకు లెక్క చెప్పినట్టు. మొదటిది పైసల సంగతి. ప్లే స్టోర్‌లో ఏది కొన్నా ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టడం. ఫోన్‌పే, గూగుల్ పే యాప్‌లకు తాళం వేయడం. పిల్లలకు తెలిసిపోయిన పిన్ను మార్చడం, మార్చింది వాళ్ల ముందు కొట్టకపోవడం. పెళ్లి పత్రిక అని, ట్రాఫిక్ చలానా అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) మీద చాలాసేపు మాట్లాడాం. పిల్లలు బొమ్మ ఉందని నొక్కేస్తారు. అది ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయి మెసేజ్‌లు చదవడానికి అనుమతి దొరికితే ఓటీపీలు వేరేవాళ్లకు పోతాయి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. రేపు బ్యాంకుకు పోదాంలే అని ఆగొద్దు. ఎంత తొందరగా చెప్తే, అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

రెండోది యూట్యూబ్. ఆటోప్లే ఆపడం, పిల్లలు చూడకూడని వీడియోలను చాలావరకు దాచే రిస్ట్రిక్టెడ్ మోడ్ పెట్టడం, చిన్నవాళ్లకు యూట్యూబ్ కిడ్స్ వేరుగా పెట్టడం. చాలామందికి నచ్చింది మాత్రం ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే యాప్ పిన్నింగ్. బయటికి రావాలంటే తాళం నంబరు అడిగేలా సెట్టింగ్ పెట్టి, ఒక యాప్ తెరిచి పిన్ చేసి ఇస్తే, మన తాళం నంబరు లేకుండా పిల్లలు అందులోంచి బయటికి రాలేరు. ఇది ఫోన్‌లోనే ఉంటుంది, పైసా ఖర్చు లేదు. పక్కవాళ్ల ఫోన్‌లో చూసి నేర్చుకొని, మరునాడు వాడలో మిగతావాళ్లకు నేర్పిన అమ్మలున్నారు. కొంచెం తెలిసిన ఇళ్లలో, పిల్లల ఫోన్ వాడకాన్ని పెద్దలు అదుపులో పెట్టే గూగుల్ ఫ్యామిలీ లింక్ కూడా పెట్టించాం. దానికి పిల్లల పేరు మీద వేరే ఖాతా తెరవాలి, టైం పడుతుంది, అందరికీ చేయలేకపోయాం.

గేముల గురించి నాన్నలు ఎక్కువ అడిగారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములను మన తెలంగాణ రాష్ట్రం 2017లోనే నిషేధించింది. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. ఊరికే ఆడే గేముల్లో కూడా రెండు చిక్కులున్నాయి: లోపల వస్తువులు కొనమని ఊరించడం, తెలియనివాళ్లు మాట్లాడే చాట్. వాయిస్ చాట్ ఆపి ఇవ్వండి. బడి పేరు, ఇంటి గుర్తు, యూనిఫాం ఫొటో ఎవరికీ పంపొద్దని పిల్లలకు టీచర్లు ప్రార్థన తర్వాత వారం వారం చెప్తున్నారు.

మూడో సంగతి మా అందరికీ కష్టంగా అనిపించింది, అయినా తప్పించుకోలేదు. పిల్లలకు ఫోన్‌లో చెడ్డది ఎదురైతే ఎందుకు చెప్పరు? చెప్తే దెబ్బలు పడతాయని, ఫోన్ గుంజుకుంటారని. ఎవడో ఫొటో అడిగినా, బెదిరించినా ఆ భయంతోనే దాచుకుంటారు. బెదిరించేవాడికి కావాల్సింది కూడా ఆ దాపరికమే. అందుకే ఒక్కో ఇంటినీ బతిమాలి చెప్పాం: వచ్చి చెప్పిన పిల్లను ఆ రోజు తిట్టకండి, కొట్టకండి. ముందు దగ్గర కూర్చోబెట్టుకొని మొత్తం వినండి. చాట్ డిలీట్ చేయకండి. బిడ్డ ఫొటో ఏదైనా తప్పుగా వాడి ఉంటే దాన్ని "చూడండి ఎంత ఘోరమో" అని కూడా ఎవరికీ పంపకండి. పిల్లల అశ్లీల చిత్రాలు చూసినా, దాచినా, పంపినా ఐటీ చట్టం 67బి కింద నేరమే. ఫోన్ అట్లాగే తీసుకొని పోలీస్ స్టేషన్‌కు పోండి, లేదా 1098కి చేయండి. పిల్లల కోసం ఉన్న ఆ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఒంటరిగా పోవడానికి భయమైతే కమిటీలో ఉన్న అమ్మలు మీ వెంట వస్తారు, విషయం బయటికి పోదు.

ఈ నంబర్లు గుర్తుండాలని గేటు పక్క గోడ మీద పెయింటర్‌తో రాయించాం, రూ. 3,500. ఒకటో తరగతి పిల్లల కంటికి అందే ఎత్తులో రాయమన్నాం. ఇంటి తలుపుకో, కుట్టు మిషన్‌కో అంటించుకునే స్టిక్కర్లకు రూ. 1,250.

బడి వాట్సాప్ గ్రూప్‌లో కూడా ఒక మార్పు చేశాం, దానికి ఖర్చు లేదు. పిల్లల ముఖాలు కనబడే ఫొటోలు పేర్లతో పెట్టడం ఆపేశాం. బతుకమ్మ రోజు ఆడపిల్లల ఫొటోలు పెట్టలేదని కొందరు అమ్మలు నొచ్చుకున్నారు. అంత అందంగా తయారుచేసి పంపిన తల్లికి చూసుకోవాలని ఉంటుంది. ఆ ఫొటోలు మేడం దగ్గర భద్రంగా ఉన్నాయి, ఎవరి బిడ్డవి వాళ్లు వచ్చి తీసుకోవచ్చు. గ్రూప్‌లో పెడితే ఎవరి స్టేటస్‌లోకి, ఎక్కడికి పోతాయో చెప్పలేం.

బడిలోని పాత కంప్యూటర్ రిపేరుకు రూ. 4,300 పట్టింది. పిల్లలకు వేరే లాగిన్ పెట్టాం, దాని పాస్‌వర్డ్ టీచర్ల దగ్గరే ఉంటుంది. కంప్యూటర్ తెరను గది తలుపు వైపు తిప్పి పెట్టాం, పోయేవాళ్లకు వచ్చేవాళ్లకు కనబడేలా.

ఫోన్ వద్దంటే చేతిలో ఇంకేదో పెట్టాలి కదా. కథల పుస్తకాలు, క్యారం బోర్డులు, చదరంగం, తాడాట తాళ్లు రూ. 8,640. ఆట స్థలంలో గుంతలు పూడ్చి మొరం పోయించడానికి రూ. 5,200. ఈ రెండు ఖర్చుల మీద మీటింగ్‌లో వాదన జరిగింది, ఫోన్ భద్రత కోసమని వసూలు చేసి మొరం పోయించడమేంటని. మా లెక్కలో మొరం కూడా ఆ పనిలో భాగమే. వాన పడితే నీళ్లు నిలిచే స్థలంలో పిల్లలు ఆడరు, ఇంటికి పోయి ఫోన్ అడుగుతారు. మొరం పడ్డాక సాయంత్రం బడి వదిలినా కబడ్డీ ఆగడం లేదు. పుస్తకాలు ఇంటికి ఇస్తున్నాం, చినిగి వచ్చినా ఏమీ అనడం లేదు.

చిన్నవి రెండు: నల్లాలు, బాత్రూం గడియల రిపేరు రూ. 2,380; రసీదు పుస్తకాలు, జిరాక్స్ రూ. 380.

మొత్తం ఖర్చు రూ. 54,720. జమ రూ. 56,662 లోంచి తీస్తే మిగిలింది రూ. 1,942. అందులో బ్యాంకులో రూ. 1,542, చేతిలో రూ. 400. ఎవరికీ బాకీ లేము. పాస్‌బుక్, రసీదు కట్టలు, ఓచర్లు, తీర్మానాల పుస్తకం శనివారాల్లో బడి ఆఫీస్ రూంలో చూడొచ్చు. చందా ఇవ్వనివాళ్లు కూడా చూడొచ్చు, బడి అందరిదీ.

సీసీ కెమెరాలు ఎందుకు పెట్టలేదని అడిగినవాళ్లకు: ఈ డబ్బు చాలదు. అంతకన్నా ముఖ్యంగా, రికార్డయిన పిల్లల వీడియో ఎవరు చూడాలి, ఎన్ని రోజులు ఉంచాలి, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలి అన్నది ముందు రాసుకోవాలి. ఆ నియమాలు తయారయ్యాకే దానికి చందా అడుగుతాం.

మిగిలిన రూ. 1,942 ఎండాకాలం సెలవుల కోసం ఆపాం. సెలవుల్లో బుధ, శనివారాల్లో పొద్దున ఎనిమిది నుంచి పది దాకా పుస్తకాల అల్మారా, క్యారం బోర్డులు తీసి ఉంచుతాం. తాళం తీయడానికి, పిల్లలను చూసుకోవడానికి రోజుకు ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. పేర్లు ఏప్రిల్ 15 లోపు మేడంకు ఇవ్వండి.

బడి అభివృద్ధి కమిటీ తరఫున,
కార్యదర్శి, కోశాధికారి
వరంగల్