ముక్కు గొట్టంతో ఇంటికి పంపాక

సంపాదకులకు నమస్కారం.

పక్షవాతంతో మింగే శక్తి పోయిన మా నాన్నగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు, ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబు ద్వారా ఆహారం ఎలా పట్టాలో ఒక నర్సు అయిదు నిమిషాలు చూపించారు. మాకు అందిన శిక్షణ అంతే. మూడో రోజే, సరిగా వడగట్టని రాగిజావ అడ్డుపడి గొట్టం మూసుకుపోయింది. పట్టేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉంచాలని, ముందూ తర్వాతా నీళ్లతో గొట్టం కడగాలని, గొట్టం మీద ముక్కు దగ్గర వేసిన గుర్తు చోటు మారితే చుక్క కూడా పోయకూడదని (ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం) మేము తర్వాత ఎవరినో అడిగి తెలుసుకున్నాం. ఓ అర్ధరాత్రి ఆయన గొట్టం లాగేసుకుంటే, మళ్లీ వేయించడానికి ఆటోలో పట్నం దాకా పోవలసి వచ్చింది.

కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుతో ఉన్నవారి బాధ తగ్గించే సేవ) విధానాన్ని ప్రకటించింది. అక్కడ స్థానిక సంస్థల తరఫున నర్సులు మంచాన పడినవారి ఇళ్లకు వెళ్తారు. మన దగ్గర ఇప్పటికే మోయలేని పని ఉన్న ఆశా కార్యకర్తల నెత్తిన ఇదీ పెట్టమనను. డిశ్చార్జి కాగితం నకలు ఒకటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరి, గొట్టం మార్చడం వచ్చిన నర్సు ఒకరు నెలకు రెండుసార్లయినా ఇంటికి వచ్చే ఏర్పాటు చేయాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు